చేజారిన వేషం

కరీంనగరంలో పుట్టిన ఒక తెలుగువాడు వెండితెర మీద పృథ్వీరాజు అయ్యాడు, అమర్‌సింగ్ రాథోడ్ అయ్యాడు, టిప్పు సుల్తాన్ అయ్యాడు. మూకీలలో వేషాలు వేశాడు, టాకీలలో వేశాడు, రంగుల చిత్రాలలో వేశాడు. హాలీవుడ్ వారి చిత్రాలలో కూడా కనుపించాడు. సినిమావారికి ఈ దేశంలో ఇచ్చే పురస్కారాలన్నింటిలోకీ పెద్దదైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం 1980 సంవత్సరానికి ఆయనకు దక్కింది. తెలుగు నటులలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. అక్కినేని నాగేశ్వరరావుకు అది లభించడానికి మరి పదేళ్ళు పట్టింది. ఇన్ని వేషాలు వేసిన ఆ మనిషి, తెలుగు చిత్రంలో మాత్రం ఒక్క వేషమైనా వేయలేదు!

ఆయన పేరు పైడి జైరాజ్. చొప్పదండిలో బస్సెక్కితే గంట తిరగకుండానే కరీంనగరంలో దిగవచ్చు. అంత దగ్గరవాడు. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన ముఖం గుర్తుపట్టగలవారు ఎందరున్నారు? రామారావును గుర్తుపట్టని ఇల్లు లేదు. సావిత్రి ఫొటో చూచి పేరు చెప్పలేని అమ్మమ్మ లేదు. జైరాజ్ మాట వచ్చేసరికి మాత్రం "ఆయన మనవాడా!" అని ముక్కుమీద వేలు వేసుకునేవారే ఎక్కువ.

సినిమా చూచి ఇంటికి వస్తూ "ఆ వేషం ఫలానావారు వేసివుంటేనా!" అనుకోవడం మనందరికీ అలవాటే. చేతిదాకా వచ్చిన వేషం జారిపోతే నటుడి గతి ఏమవుతుంది? చేజిక్కిన వేషం మనిషిని నిలబెడుతుందా, కట్టి పడవేస్తుందా? జైరాజ్ సంగతి తేల్చుకోవాలంటే ముందుగా మద్రాసు స్టూడియోలలో చేతులు మారిన కొన్ని వేషాల కథలు తెలుసుకోవడం మంచిది.

బూడిదైన నాలుగు రీళ్ళు

విజయావారు "మిస్సమ్మ" తీయ సంకల్పించినప్పుడు మేరీ వేషానికి ఎన్నుకున్నది శ్రీమతి భానుమతిని. సావిత్రికి ఇచ్చింది రెండవ నాయిక వేషం. నాలుగు రీళ్ళ దాకా చిత్రీకరణ జరిగిపోయింది. ఒకనాడు భానుమతి ఇంట్లో వ్రతం ముగించుకుని స్టూడియోకు ఆలస్యంగా వచ్చారు. నిర్మాత చక్రపాణికి కోపం వచ్చింది. క్షమాపణ చెప్పవలసిందేనన్నారు. ఆమె చెప్పనన్నారు. ఇద్దరూ ఇద్దరే! చక్రపాణి ఆ నాలుగు రీళ్ళనూ తగులబెట్టించారు. సావిత్రి మేరీ అయింది. సావిత్రి వేయవలసిన సీత వేషం జమునకు వెళ్ళింది. 1955 జనవరిలో చిత్రం విడుదలై ఎంత పేరు తెచ్చుకున్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో నష్టపోయినది ఎవరు? భానుమతి అని చటుక్కున అనవచ్చు. కాని అప్పటికే ఆమెకు భరణీ వంటి సొంత సంస్థ వున్నది. 1953లోనే "చండీరాణి"ని మూడు భాషలలో తీసి దర్శకురాలు అనిపించుకున్నారు. పాడగలరు, కథలు వ్రాయగలరు. ఒక వేషం పోతే కూలిపోయే కట్టడం కాదు ఆమెది. ఆ వేషం తాను పోగొట్టుకున్నందువల్ల సావిత్రి వంటి నటి వెలుగులోకి వచ్చిందని తరువాతి కాలంలో నిండుమనసుతో చెప్పుకున్నారు కూడా.

సావిత్రి అదృష్టవంతురాలు అంటారు. నిజమే. కాని ఆమె కూడా అంతకుముందు ఒక వేషం పోగొట్టుకున్న మనిషే. 1950లో వచ్చిన "సంసారం"లో మంచి వేషమే ఇవ్వబోయారు. కొత్త పిల్ల, కెమేరా ముందు తత్తరపాటు. టేకుల మీద టేకులు తిన్నది. వేషం పోయింది. మరుసటి సంవత్సరం "పాతాళభైరవి"లో ఒక నృత్యంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అక్కడితో ఇంటికి వెళ్ళిపోలేదు. చిన్న వేషం నుంచి పెద్ద వేషానికి మెట్టు మెట్టుగా ఎక్కి, 1953లో "దేవదాసు" పార్వతి అయింది. మిస్సమ్మ వేషం ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడేనాటికి దానిని మోయగల బలం సంపాదించి వున్నది. 1950లోనే అటువంటి వేషం వచ్చివుంటే ఏమయ్యేదో!

అదే చిత్రంలో మూడవ సంగతి ఒకటి వున్నది. దేవదాసుగా నాగేశ్వరరావు దేశాన్ని ఏడిపించాడు. ఇక తనకు తాగుబోతు వేషాలు, విషాద వేషాలు తప్ప మరొకటి రాదేమోనన్న భయం పట్టుకున్నది. అందుకని తానే అడిగి "మిస్సమ్మ"లో డిటెక్టివ్ రాజు వేషం పుచ్చుకున్నాడు. అది నాయకుడి వేషం కాదు, నవ్వించే వేషం. పెద్ద తార చిన్న వేషానికి దిగాడని అప్పుడు అనుకున్నవారు వున్నారేమో గాని, ఆ దిగడమే ఆయనను దేవదాసు నీడనుంచి బయటవేసింది.

జంషెడ్‌పూర్ గుమాస్తా

ఎస్.వి.రంగారావు మొదటి చిత్రం "వరూధిని" ఆడలేదు. ఆయన చెప్పాపెట్టకుండా సినిమాలకు నమస్కారం పెట్టి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటావారి కంపెనీలో ఉద్యోగంలో చేరారు. కొన్నాళ్ళకు బి.ఎ.సుబ్బారావు "పల్లెటూరి పిల్ల"లో ప్రతినాయకుడి వేషం ఇస్తాను రమ్మన్నారు. సరిగ్గా అప్పుడే తండ్రి పోయారు. కర్మకాండ ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం మరొకరికి ఇచ్చివేశారు. రంగారావుకు మిగిలింది చిన్న వేషం.

చేతిదాకా వచ్చిన వేషం ఇంతకంటె క్రూరంగా జారిపోవడం వుంటుందా? అయినా ఆయన ఆ చిన్న వేషమే వేశారు. వెంటనే విజయావారి మొదటి చిత్రం "షావుకారు"లో సున్నం రంగడు అయ్యారు. ఆ పైన "పాతాళభైరవి".

ఆ చిత్రానికి దర్శకుడు కె.వి.రెడ్డి మొదట అనుకున్నది నాగేశ్వరరావును, ముక్కామలను. "బాలరాజు", "కీలుగుర్రం" వంటి చిత్రాలతో జానపద నాయకుడంటే నాగేశ్వరరావే అన్నంత పేరు అప్పటికి వచ్చి వున్నది. తరువాత రెడ్డిగారి మనసు మారింది. టెన్నిస్ ఆడుతూ రామారావు విసురుగా బంతిని కొట్టిన తీరు చూచి "నా తోటరాముడు వీడే" అనుకున్నారని చిత్రసీమలో ముచ్చటగా చెప్పుకుంటారు. మాంత్రికుడి వేషం రంగారావుకు వచ్చింది. 1951 మార్చిలో చిత్రం విడుదలయ్యే సరికి ఇద్దరి జాతకాలూ మారిపోయాయి. "పల్లెటూరి పిల్ల"లో ఆ ప్రతినాయకుడు ఎవరని ఈనాడు ఎవరినైనా అడిగి చూడండి. నేపాళ మాంత్రికుడు ఎవరని పసిపిల్లవాణ్ణి అడిగి చూడండి! కొన్నేళ్ళు తిరిగేసరికి "నర్తనశాల"లో కీచకుడు వేసి, జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడనిపించుకుని వచ్చారు రంగారావు.

మరి తోటరాముడు చేజారిన నాగేశ్వరరావు సంగతి? జానపదంలో ఆయన దారికి మరొకడు వచ్చాడు. ఆయన మెల్లగా సాంఘిక చిత్రాలవైపు తిరిగాడు. రెండేళ్ళకు దేవదాసు అయ్యాడు. ఒక్క నిర్ణయంతోనే ఇద్దరి దారులూ విడిపోయాయని గిరిగీసి చెప్పలేము. కాని ఒకరికి కత్తీ కిరీటమూ, మరొకరికి పంచె లాల్చీ అనే పంపకానికి ఆ చిత్రం నాటినుంచే అంకురం పడింది. ఇద్దరూ బాగుపడ్డారు. ఎందుకు? పోయినదాని కోసం ఏడుస్తూ కూర్చోలేదు గనుక.

కిరీటం బరువు

వేషం పోవడంలో ప్రమాదం వున్నది, సరే. వేషం దొరకడంలో ఇంకా పెద్ద ప్రమాదం వున్నది.

"మాయాబజార్"లో కృష్ణుడి వేషానికి రామారావు మొదట వెనుకాడారు. అంతకుముందు వేరే చిత్రంలో కొద్దిసేపు కృష్ణుడుగా కనబడితే జనం మెచ్చలేదు. కె.వి.రెడ్డి పట్టుపట్టి ఒప్పించారు. కిరీటం దగ్గరనుంచి నడక దాకా ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకున్నారు. 1957 మార్చిలో ఆ చిత్రం వచ్చిన తరువాత కృష్ణుడంటే తెలుగువారికి ఆ ముఖమే. అటువంటి వేషం సామాన్య నటుణ్ణి మింగివేయవలసినది. కాని రామారావు మరుసటి సంవత్సరమే "భూకైలాస్"లో రావణుడయ్యారు. ఆ తరువాత బృహన్నల, భీముడు, దుర్యోధనుడు. దేవుడి ముఖంతో రాక్షసుడి వేషం వేయగలిగారు గనుక ఆ కిరీటం ఆయనకు బరువు కాలేదు.

అందరికీ అది సాధ్యపడలేదు. "అల్లూరి సీతారామరాజు" తీయాలని రామారావు అనుకున్నారు. శోభన్‌బాబుతో తీయాలని డి.ఎల్.నారాయణ అనుకున్నారు. చివరకు 1974లో దానిని తీసి, ఆ వేషం వేసినవాడు కృష్ణ. జనం నీరాజనం పట్టారు. కాని ఆ మహావీరుణ్ణి చూచిన కళ్ళకు మామూలు ప్రేమకథలలో కృష్ణ ఆనలేదు. చిత్రం వెనుక చిత్రం దెబ్బతిన్నది. 1976లో "పాడిపంటలు" వచ్చేదాకా ఆయన కోలుకోలేదు. ఆ వేషం పోగొట్టుకున్న ఇద్దరికీ ఈ కష్టం లేదు!

"శంకరాభరణం" సంగతీ అంతే. శంకరశాస్త్రి వేషానికి శివాజీ గణేశన్ పేరు అనుకున్నారు. కృష్ణంరాజు ఆసక్తి చూపారు. విశ్వనాథ్ చివరకు ఒక డిప్యూటీ కలెక్టరును, నాటకాలలో ఆరితేరిన జె.వి.సోమయాజులును తీసుకున్నారు. 1980 ఫిబ్రవరిలో ఆ చిత్రం విడుదలైంది. శాస్త్రిగారు చిరంజీవి అయ్యారు. సోమయాజులు మాత్రం ఆ తరువాత ఎన్ని చిత్రాలలో నటించినా జనం కళ్ళకు శంకరశాస్త్రిగానే మిగిలిపోయారు. తెలిసిన ముఖం గల పెద్ద తారకు ఆ వేషం ఇచ్చివుంటే మనకు శంకరశాస్త్రి కనబడేవాడు కాదు, ఆ తారే కనబడేవాడు. చిత్రానికి మేలు చేసినదే నటుడికి సంకెల అయింది.

ఇది సినిమాకే చెందిన సంగతి కాదు. మన ఉత్తర తెలంగాణాలో చిందు యక్షగానం ఆడే కుటుంబాలున్నాయి. బాసరలో పుట్టిన సరస్వతి అనే పిల్ల చిన్ననాటినుంచి ఆ ఆటలో వేషాలు కట్టింది. మగవేషాలు సైతం వేసింది. కాని ఎల్లమ్మ వేషంలో ఆమెను చూచిన జనం ఆ పేరే ఖాయం చేశారు. 2005లో కన్నుమూసేదాకా ఆమె చిందుల ఎల్లమ్మే. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేషం కింద మరుగుపడింది. ఆమె దానిని బరువనుకోలేదు, వరమనుకున్నది. వేషం ఒకటే, మోసే మనిషినిబట్టి అది కిరీటమో సంకెలో అవుతుంది.

బొంబాయిలో ఒక తెలుగువాడు

ఇప్పుడు జైరాజ్ దగ్గరకు వద్దాము. 1909 సెప్టెంబరు 28న కరీంనగరంలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివారు. ఇరవై ఏళ్ళ వయస్సులో బొంబాయి వెళ్ళి మూకీ చిత్రాలలో ప్రవేశించారు. మూకీలకు భాషతో పని లేదు. చక్కని శరీరం, చురుకైన కదలిక వుంటే చాలు. అవి రెండూ ఆయనకు వున్నాయి.

తెరకు మాట వచ్చింది. ఇక్కడే చిత్రమైన సంగతి వున్నది. మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" తయారైంది మద్రాసులో కాదు, హైదరాబాదులో కాదు, బొంబాయిలో! హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో తీయగా 1932 ఫిబ్రవరిలో విడుదలైంది. జైరాజ్ మొదటి హిందీ టాకీ "షికారీ" వచ్చింది కూడా 1932లోనే. ఒకే ఊళ్ళో, ఇంచుమించు ఒకే కాలంలో, ఒకవైపు తెలుగు సినిమా పుడుతున్నది. మరొకవైపు తెలుగు నటుడు ఒకడు హిందీలో నోరు విప్పుతున్నాడు. ఇద్దరికీ ముడిపడలేదు.

కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఆనాటి తెలుగు టాకీ అంటే రంగస్థల నాటకానికి తెరరూపమే. పద్యం ఎత్తుకుంటే హాలు మారుమ్రోగాలి. అందుకని ఆ చిత్రానికి కావలసినవారిని సురభివారి వంటి నాటక సమాజాలనుంచి రప్పించుకున్నారు. నిజాం రాష్ట్రంలో రాజభాష ఉర్దూ. ఆ నేలనుంచి వచ్చిన యువకుడికి బొంబాయి హిందీ టాకీ పరాయి ఇల్లు కాలేదు. తెలుగు చిత్రాలలో వినబడిన కోస్తా నాటకాల తెలుగే ఆయన పెరిగిన ఊరి మాటకు దూరం.

ఆ దారిలో ఆయనకు తక్కువ జరగలేదు. 1943లో బాంబే టాకీస్ వారి "హమారీ బాత్"లో దేవికారాణి సరసన నాయకుడు జైరాజే. నటిగా ఆమెకు అది ఆఖరు చిత్రం. తరువాత ఫాల్కే పురస్కారం మొట్టమొదట అందుకున్నది ఆమె. 1945లో జైరాజ్ "ప్రతిమ" అనే చిత్రానికి దర్శకత్వం వహించారు. అందులో నాయకుడు అప్పుడప్పుడే వచ్చిన దిలీప్ కుమార్. ఆ కుర్రవాడికి అది రెండవ చిత్రం.

ఆ తరువాతి పదేళ్ళలో దారులు ఏర్పడ్డాయి. సాంఘిక చిత్రాలు, ప్రేమకథలు దిలీప్ కుమార్, రాజ్ కపూర్, దేవ్ ఆనంద్‌లవైపు వెళ్ళాయి. జైరాజ్‌కు కత్తీ కవచమూ వచ్చాయి. 1956లో అమర్‌సింగ్ రాథోడ్, 1959లో పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, 1961లో "రజియా సుల్తానా". చరిత్ర పుస్తకంలో వీరుడు కనబడితే చాలు, నిర్మాతలకు జైరాజ్ గుర్తుకు వచ్చేవాడు. వేషానికి తగిన విగ్రహమే. కాని ఒకే వరుస వేషాలు. ఆ రకం చిత్రాలకు గిరాకీ తగ్గిన రోజున, ఆ కవచంలో వున్న మనిషికీ గిరాకీ తగ్గింది.

ఇది చదివితే మనకు కాంతారావు గుర్తుకు రావడం సహజం. కోదాడ ప్రాంతంనుంచి మద్రాసు వెళ్ళిన తెలంగాణ బిడ్డ. 1963లో "లవకుశ"లో లక్ష్మణుడు, "నర్తనశాల"లో కృష్ణుడు ఆయనే. కాని జనం హృదయంలో ఆయన కత్తివీరుడు. జానపద చిత్రాల కాలం చెల్లగానే నాయక వేషాలూ చెల్లాయి. సొంత చిత్రాలు తీసి సంపాదించినది పోగొట్టుకున్నారు. 2009లో కన్నుమూసేదాకా చిన్న వేషాలతో నెట్టుకువచ్చారు. ఒకరు బొంబాయిలో, ఒకరు మద్రాసులో. కత్తి ఒకటే, కథ ఒకటే.

జైరాజ్ చేసిన తెలివైన పని ఒకటి వున్నది. చిన్న వేషాలను చిన్నతనంగా ఎంచలేదు. 1963లో "నైన్ అవర్స్ టు రామా" అనే ఆంగ్ల చిత్రంలో బిర్లా వేషం వేశారు. ఆ తరువాత తండ్రిగా, డాక్టరుగా, పోలీసు అధికారిగా వచ్చిన వేషమల్లా వేశారు. మీరు ఆయనను చూడలేదనుకుంటున్నారా? 1975 నాటి "షోలే" చూచివుంటే చూచినట్టే. అందులో పోలీసు కమీషనరు ఆయనే! 1978 నాటి "డాన్" చూచినా చూచినట్టే. 1995లో వచ్చిన "గాడ్ అండ్ గన్" దాకా తెరను విడువలేదు. 2000 ఆగస్టు 11న బొంబాయిలో కన్నుమూశారు.

వేషం తప్పితే మరొక వేషం వస్తుంది. రంగారావుకు వచ్చింది, సావిత్రికి వచ్చింది. కాని తప్పినది భాషే అయితే? జైరాజ్‌కు పేరూ పురస్కారమూ అన్నీ దక్కాయి. తన ఊరి అవ్వ ఒకతె హాలులో నేలమీద కూర్చుని ఆయన మాట విని కన్నీళ్ళు పెట్టుకునే భాగ్యం మాత్రం ఆయనకూ లేదు, ఆ అవ్వకూ లేదు. ఆ నష్టాన్ని ఏ పురస్కారమూ పూడ్చలేదు.

ఇంట్లోవారికి ఒక మాట

చిత్రపరిశ్రమ మద్రాసు విడిచి హైదరాబాదు చేరి చాలాకాలమైంది. చొప్పదండి పిల్లవాడికి కృష్ణానగర్ ఈనాడు ఒక పూట ప్రయాణం. ఇంట్లో అబ్బాయో అమ్మాయో సినిమాలలోకి వెళతానంటే తల్లిదండ్రులకు గుండె దడ. ఆ దడ న్యాయమైనదే. "ఈ వేషం తప్పిపోయింది, ఇక నా బ్రతుకు ఇంతే" అని పిల్లవాడు ఇంటికి వచ్చి పడుకుంటే ఏం చెప్పాలి? రంగారావు కథ చెప్పండి. మొదటి చిత్రంతోనే పెద్ద పేరు వచ్చి నేలమీద నడవకపోతే ఏం చెప్పాలి? అల్లూరి తరువాత కృష్ణ పడిన రెండేళ్ళ అవస్థ చెప్పండి. అన్నింటికంటె ముందు భానుమతి కథ చెప్పండి. చేతిలో మరొక విద్య వున్నవారు వేషం పోతే తల ఎత్తుకుని బయటకు రాగలరు. అది లేనివారు ఒక్క నిర్మాత గడప దగ్గరే బ్రతుకంతా నిలబడవలసి వస్తుంది.

ఒక సంగతి మాత్రం జైరాజ్ కాలానికీ ఇప్పటికీ మారింది. 2023లో "బలగం" అనే చిత్రం వచ్చింది. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో తీశారు. అందులో అందరూ మాట్లాడింది మన కరీంనగరం వైపు ఇళ్ళలో మాట్లాడుకునే మాటే. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆ మాటను తెరమీద రౌడీకో, నవ్వించేవాడికో అంటగట్టారు. ఈ చిత్రంలో తాతా మనుమడూ ఆడబిడ్డా అందరూ ఆ మాటతోనే ఏడ్చారు, కొట్లాడుకున్నారు, కలిశారు. ఊళ్ళలో జనం గుంపులుగా కూర్చుని చూచి, వారితోపాటు ఏడ్చారు.

జైరాజ్‌కు ఇరవై ఏళ్ళప్పుడు అటువంటి వేషం ఎవరూ వ్రాసి వుంచలేదు. ఇప్పుడు వ్రాస్తున్నారు. ఇకమీద ఈ ప్రాంతంలో పుట్టిన నటుడికి ఒక వేషం తప్పినా, తన ఇంటి మాటలో మరొక వేషం కోసం ఎదురుచూచే వీలున్నది.